కచేరి గుమ్మం ముందు బండ్ల బారు

రాజపాళయం ఎక్కడ వున్నదని అడిగే చదువరులు పటంలో మదురై మీద వేలుపెట్టి, నైరుతి దిక్కుగా పడమటి కనుమల వైపు జరపవలెను. తిరుమంగళంలో చీలిన కొల్లం రోడ్డు శ్రీవిల్లిపుత్తూరు మీదుగా వచ్చి మా ఊరి నడిబొడ్డున దూరి, శివగిరి, వాసుదేవనల్లూరు, పుళియంగుడి, తెన్కాశి, సెంగోట్టై దాటి కేరళంలో ప్రవేశిస్తుంది. ఇదివరకు దీనిని 208వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు 744వ నంబరు. నంబరు పెరిగినంతగా రోడ్డు పెరగలేదని మా ఊళ్ళో ఒక హాస్యం.

మా ఊరు తమిళదేశంలో వున్నా వీధుల్లో తెలుగు వినబడుతుంది. విజయనగరపు రోజుల తరువాత దక్షిణానికి తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఇక్కడ కోటలుగా యేర్పడి స్థిరపడ్డవి. పళయపాళయం, సింగరాజకోట, చక్రరాజకోట అనే పేర్లు నేటికీ వాడుకలో వున్నవి. కోటకొక సావిడి వుంటుంది. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, కాగితం మీద తమిళమూ ఇంగ్లీషూ, ఇదీ మా బ్రతుకు. తెలుగు మాట్లాడేవారు వేలమంది వున్నా చదవగలవారు తక్కువ. అందుచేత ఇటువంటి పత్రిక చేతికి వచ్చినప్పుడు ఒకరు చదవగా పదిమంది వినడం కూడా కద్దు.

ఈ ఊరివారే శ్రీ పి. ఎస్. కుమారస్వామి రాజాగారు. 1949 నుంచి 1952 దాకా మదరాసు రాష్ట్రానికి ప్రధానిగా, రాజ్యాంగం అమలైన తరువాత ముఖ్యమంత్రిగా పనిచేసి, పిమ్మట ఒరిస్సా గవర్నరైనారు. 1957లో కాలం చేశారు. తాము నివసించిన ఇంటిని ప్రజలకు ఇచ్చివేశారు. అదే నేటి గాంధీ కళామండపం. ఇల్లు కట్టుకున్నవాడు ఇల్లు ఇవ్వగలగడం చిన్న సంగతి కాదు. ప్రజల ఇల్లు అంటే యేమిటో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదని ఆ సంగతి తలచినప్పుడల్లా మాకు అనిపిస్తుంది. మరి సర్కారు కచేరి కూడా ప్రజల ఇల్లే గదా! ఆ ఇంటి వాకిలి ఎవరిది, అందులో ముందు ఎవరు నిలవాలి అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పబోయే ముచ్చట.

ముందు మా రోడ్డు సంగతి. 1936లో శ్రీ పి. ఎ. సి. రామస్వామి రాజాగారు రాజపాళయం మిల్లును స్థాపించినది మొదలు ఇది నూలు ఊరు. షిఫ్టు మారే వేళకు మిల్లు బస్సులు బయలుదేరుతవి. పక్కనే ఛత్రపట్టిలో ఆసుపత్రులకు కట్టు గుడ్డ నేస్తారు. ఆ మూటలు వ్యానుల్లో వస్తవి. వేసవిలో కొండ కింది తోటల నుంచి మామిడిపండ్లు వస్తవి. సప్పట్టై అనే మా ఊరి రకం బుట్టలకెత్తి రోడ్డు వారనే అమ్ముతారు. జూన్ మొదలు కుర్తాళంలో జలపాతాల సీజను. మదురై వైపు కార్లన్నీ మా ఊరి మీదుగానే పోవాలి. కార్తీకం వచ్చిందంటే శబరిమల స్వాముల బండ్లు. వాటిలో తెలుగుదేశం నుంచి వచ్చే బస్సులు కూడా వుంటవి. టీ కొట్టు దగ్గర ఆగి, మా నోట తెలుగు విని వారు ఆశ్చర్యపోవడం యేటా జరిగేదే. వీటికి తోడు షేరు ఆటోలు, టౌను బస్సులు, సైకిళ్ళు, లక్షా ముప్పైవేలకు పైబడిన జనం (ఇది 2011 జనాభా లెక్క), వారి స్కూటర్లు. పంచు మార్కెట్టు, గాంధీ విగ్రహం, పాత బస్టాండు, జవహర్ మైదానం, ఈ మధ్యనే ఊరి ఊపిరి అంతా ఆడుతుంది.

ఇటువంటి ఊళ్ళో కచేరి పని లేని మనిషి వుండడు. పుట్టితే ఒక కాగితం, చస్తే ఒక కాగితం, ఇల్లు కొంటే ఒకటి, అమ్మితే ఒకటి. తాలూకా కచేరి, మునిసిపల్ ఆఫీసు, రిజిస్ట్రారాఫీసు, కోర్టు, పోలీసు స్టేషను, పోస్టాఫీసు, సర్కారు ఆసుపత్రి. మేము ఒక ఆఫీసులో గుమాస్తాగా వుండడం చేత ఇరవై యేళ్ళుగా సంచి భుజాన వేసుకుని, మా జిల్లాలోనూ పక్క జిల్లాల్లోనూ ఇటువంటి గుమ్మాలు చాలా ఎక్కి దిగినాము. మా జిల్లా విరుదునగర్. 1985లో రామనాథపురం జిల్లా నుంచి వేరుచేశారు. ప్రతి సోమవారం కలెక్టరు కచేరిలో ప్రజల అర్జీలు పుచ్చుకునే రోజు. మండువేసవిలో తాలూకా కచేరీల్లో జమాబంది. ఇక రిజిస్ట్రారాఫీసుల సంగతి అందరికీ తెలిసిందే. ఆడినెలలో ఈగలు తోలుకుంటవి. ఆవణి వచ్చి మంచి ముహూర్తం పడిందంటే, టోకెన్లు చాలక సర్కారువారే అదనపు టోకెన్లు ఇవ్వవలసి వస్తున్నది. ఈ రోజుల్లో పట్టా నకలు వంటివి కంప్యూటరులో వచ్చి కొన్ని తిరుగుళ్ళు తగ్గినమాట నిజమే. కాని సంతకం, వేలిముద్ర, విచారణ, వైద్యం, వీటికి మనిషి స్వయంగా పోవలసిందే.

మనిషి పోతే బండి పోతుంది. అక్కడే చిక్కు.

పొద్దున పదింటికి ఏ ఊళ్ళోనైనా ఒక కచేరి ముందు నిలబడి చూడండి. మొదట వచ్చేది సిబ్బంది. వారి స్కూటర్లు చెట్టు నీడన, మెట్ల పక్కన, వరండా అంచున సర్దుకుంటవి. తరువాత జీపు. దానికొక తావు వదిలిపెట్టి వుంటుంది. తరువాత వకీళ్ళు, దస్తావేజు రాసేవారు, వారి మనుషులు. ఆ తరువాత కార్లలో వచ్చే కక్షిదారులు. పదకొండు గంటలకు లోపల తావు అయిపోయి బండ్లు గేటు బయటికి వస్తవి. మొదట ఒక వరస, దాని పక్కన రెండవ వరస. ఈ వరసలను నమ్ముకుని ఒక జెరాక్సు గొడుగు, ఒక మజ్జిగ బండి. అప్పుడు టౌను బస్సు రోడ్డు మధ్యనే ఆగుతుంది. బస్సు దిగిన మనిషి రెండు వరసల మధ్య సందు వెదుక్కుంటూ గేటుకు రావాలి. అందరికన్న దూరం నుంచి వచ్చేవాడు, అందరికన్న ముసలివాడు, బండి లేనివాడు, వాడే అందరికన్న ఆఖరున గుమ్మం చేరుతాడు.

మా మేనత్త సంగతి చెబుతాము. వయస్సు డెబ్బై ఎనిమిది. భర్త పోయిన తరువాత పెన్షను కాగితం నిమిత్తం ఒక కచేరికి రమ్మన్నారు. అది ఏ కచేరి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆమె మోకాళ్ళు పనిచేయవు. ఆటోవాడు గేటు దాకా పోలేక ముందు మలుపులోనే దించినాడు. మేము చెయ్యి పట్టుకుని నడిపించినాము. మెట్లు ఎక్కలేనివారి కోసమని సిమెంటు వాలు కట్టి వున్నది, పక్కన ఇనుప పట్టీ కూడా వున్నది. కాని ఆ వాలు మీదనే ఐదు స్కూటర్లు నిలిపి వున్నవి. తాళాలు వేసి పోయినారు. బంట్రోతును పిలిచి, ఆ బండ్లు ఎవరివో విచారించి, ఒక్కొక్కటి జరిపించేసరికి భోజనాల వేళ అయి కిటికీ మూసినారు. ఆమె ఎండలో గోడకు ఆనుకుని నిలబడి, "కచేరి కనబడుతూంది గాని దోవ కనబడలేదురా నాయనా" అన్నది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నది. ఆ పని ఆనాడు కాలేదు. మరునాడు మళ్ళీ ఆటో, మళ్ళీ చెయ్యి పట్టుకోవడం, మాకు మళ్ళీ అరపూట సెలవు.

పెన్షను కాగితమైతే ఒక రోజు ఆలస్యం. ఆసుపత్రి గేటు ముందు అదే వరస నిలిస్తే ఆలస్యాన్ని రోజుల్లో కొలవరు. ఆంబులెన్సు వెనక్కి జరిగి, ముందుకు జరిగి, హారన్ కొట్టి కొట్టి లోపలికి పోయే దృశ్యం మన ఊళ్ళలో చూడనివారు ఎవరు?

ఈ చిక్కు మనకే కొత్త కాదు. రెండువేల యేళ్ళ కిందట రోము నగరంలో వీధులు బండ్లతో నిండిపోగా, జూలియస్ సీజరు పేరిట వచ్చిన శాసనం సూర్యోదయం నుంచి పగటి పదవ గంట దాకా సరుకు బండ్లు నగరంలో తిరగరాదన్నది. దేవాలయాలు కట్టేవారికి, ప్రభుత్వ నిర్మాణాలకు మాత్రం మినహాయింపు. ఇక మోటార్లు వచ్చిన తరువాత అమెరికాలో ఓక్లహోమా నగరంలో ఇంకొక ముచ్చట జరిగింది. అంగళ్ళలో పనిచేసే ఉద్యోగులు పొద్దున్నే వచ్చి తమ కార్లను అంగళ్ళ ముందే సాయంకాలం దాకా నిలిపేవారు. సరుకు కొనవచ్చినవారికి తావు దొరికేది కాదు. కార్ల్ మాగీ అనే పత్రికాధిపతి దీనికి ఉపాయంగా గంటకింత అని నాణెం వేసే యంత్రాన్ని తలపెట్టినాడు. 1935 జూలై 16న ఆ ఊళ్ళో మొదటి పార్కింగు మీటరు నిలిచింది. గంటకు ఐదు సెంట్లు. సర్కారు ఖజానా నింపడానికి పుట్టిన యంత్రం కాదు అది. రోజంతా కదలని బండిని కదిలించడానికి పుట్టింది. జపానువారు ఇంకా ముందుకు పోయినారు. కారు కొనేవాడు దానిని నిలుపుకునే తావు తనకు వున్నదని పోలీసుల చేత ధృవపత్రం తెచ్చుకోవాలని 1962లోనే చట్టం చేశారు. ఆ తావు ఇంటికి 2 కిలోమీటర్ల లోపల వుండాలి. మన ఊళ్ళలో ఆ నియమం పెడితే ఎన్ని కార్లు షోరూము దాటుతవో చదువరులే ఊహించుకోవచ్చు.

మనకు చట్టం లేదా అంటే, పుష్కలంగా వున్నది. మోటారు బండ్ల చట్టం మొదట 1914లో, తరువాత 1939లో, ఇప్పుడు అమలులో వున్నది 1988లో వచ్చినవి. ఈ 1988 చట్టంలో 117వ సెక్షను మా దృష్టిలో బంగారం వంటిది. రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చినవారు గాని, స్థానిక సంస్థను సంప్రదించి, బండ్లు ఎక్కడ నిలవవచ్చో నిర్ణయించవచ్చు. ఆ నిలవడం ఎంతసేపైనా కావచ్చు, ఇంతసేపని గడువు పెట్టి కూడా కావచ్చు. 122వ సెక్షను ప్రకారం ఇతరులకు ప్రమాదమో, అడ్డమో, అసౌకర్యమో కలిగేటట్లు బండిని వదలరాదు. 127వ సెక్షను ప్రకారం నిషిద్ధమైన తావులో నిలిపిన బండిని యూనిఫారంలో వున్న పోలీసు అధికారి తీయించవచ్చు. తీయించిన ఖర్చు బండివానిదే. కూడళ్ళ దగ్గర, మలుపుల్లో, నడకదారి మీద, బస్ స్టాపు దగ్గర, బడి ఆసుపత్రుల ద్వారాల దగ్గర, ఇతరుల వాకిలికి అడ్డంగా, మరొక బండి పక్కన జంటగా నిలపరాదని 1989 నాటి రోడ్డు నిబంధనలే చెప్పినవి. వాటి స్థానే 2017లో కొత్త నిబంధనలు వచ్చినవి. ప్రత్యేకంగా వేరే శిక్ష చెప్పని తప్పులకు 177వ సెక్షను కింద 1988లో 100 రూపాయలు, మళ్ళీ చేస్తే 300 దాకా జరిమానా వుండేది. 2019 సవరణతో అది 500, 1500 దాకా పెరిగింది. అంగవికలుర హక్కుల చట్టం 2016లో వచ్చింది. దానిని అనుసరించి కేంద్రం వెలువరించిన కొలతల ప్రకారం, అట్టివారి బండికి కేటాయించే తావు ద్వారానికి 30 మీటర్ల లోపల వుండాలి, వెడల్పు 3.6 మీటర్లు వుండాలి. చక్రాల కుర్చీ దింపడానికి ఆ వెడల్పు.

కాబట్టి కొరత చట్టానిది కాదు. కచేరి ముందు నేలను ఎవరికి ముందు, ఎవరికి వెనక అని ఎవరూ పంచకపోవడమే కొరత. పంచని ఆస్తి బలవంతుడిది అవుతుంది. ఇక్కడ బలవంతుడంటే ముందు వచ్చినవాడు, రోజూ వచ్చేవాడు.

గుమాస్తాలం కాబట్టి మాకు చేతనైనది లెక్క. ఒక కారు నిలవడానికి సుమారు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, అనగా 12.5 చదరపు మీటర్లు కావాలి. తిరగడానికి దారి వేరు. ఒక స్కూటరుకు 2 చదరపు మీటర్లు చాలు. అంటే ఒక కారు తావులో ఆరు స్కూటర్లు పడతవి. అదే తావులో రెండు బెంచీలు వేసి పైన రేకు దించితే పదిమంది ముసలివారు నీడన కూర్చుంటారు. ఇది స్థలం లెక్క. ఇప్పుడు కాలం లెక్క చూడండి. కచేరి పది నుంచి ఐదు దాకా, ఏడు గంటలు అనుకుందాము. మెట్ల పక్క తావులో ఒక ఉద్యోగి బండి నిలిస్తే ఆ రోజంతటికీ ఆ తావు ఒక్కరికే పనికివచ్చింది. అదే తావును అరగంట పనివారికి వదిలితే పద్నాలుగు మందికి పనికివస్తుంది. అరగంట చాలదు, గంట పడుతుందన్నా ఏడుగురికి. ఇటువంటి తావులు పది వుంటే రోజుకు డెబ్బైమంది. కొత్తగా ఒక్క గజం నేల కొననక్కరలేదు, ఒక్క గోడ కట్టనక్కరలేదు. ఎవరి బండి ఎక్కడ అన్నది మార్చితే చాలు. ఓక్లహోమాలో మాగీగారు కనిపెట్టింది కూడా ఇదే.

అయితే ఉద్యోగి పక్షం కూడా వినాలి గదా! మేమూ ఆ జాతివారమే. తెన్కాశి వైపు నుంచో శివకాశి వైపు నుంచో రోజూ వచ్చేవారికి బస్సు వేళలు కుదరవు. సాయంకాలం పని ముగిసి చీకటిపడ్డాక ఆడ ఉద్యోగులు దూరపు స్టాండు దాకా ఒంటరిగా నడవడం భద్రం కాదు. ఎండలో నిలిపిన బండి సీటు పెనం అవుతుంది. రోడ్డు మీద వదిలితే పెట్రోలు పోతుంది, ఒక్కొక్కసారి బండే పోతుంది. ఈ మాటలు కాదనలేము. అందుచేత సిబ్బంది బండ్లను గెంటివేయమని మేము అనము. కచేరి వెనుక వైపో పక్క వైపో వారికొక రేకుల కొట్టం, ఒక దీపం, ఒక కాపలా వుండాలి. ముందు వాకిలి మాత్రం వచ్చిపోయేవారికి వదలాలి. కల్యాణమండపంలో వంటవాళ్ళ బండి వెనక ద్వారాన పోదా? అందులో వారికి అవమానం యేమున్నది?

బయటి రోడ్డు సంగతి వేరు. అక్కడ కచేరి అధికారం చెల్లదు. మునిసిపాలిటీ, పోలీసు, హైవే శాఖ ముగ్గురూ ఒక తావున కూర్చుని గీత గీయవలసి వుంటుంది. మాకు తోచినంతలో గీతలు ఇవి. గేటుకు ఇరువైపులా కొంత దూరం ఏ బండీ నిలవని పసుపు గీత. ఆ గీతలో ఆటో వచ్చి మనిషిని దింపి కదిలిపోవచ్చు, నిలవరాదు. ఆటోలకు స్టాండు గేటు పక్కన గాక ఎదురు వరసలో. బస్ స్టాపు కచేరి గేటుకు దగ్గరగా వుండి, దాని ముందు ఖాళీగా వుండాలి. బండి లేనివానికి మనం ఇవ్వగలిగిన పార్కింగు అదే. సరుకు లారీలు కచేరి వేళల్లో ఆ వీధిలో దించుకోకుండా, పొద్దున తొమ్మిదికి ముందో సాయంకాలం ఆరు తరువాతో దించుకోవాలి. ఆసుపత్రి ముందు మాత్రం ఏ వేళనైనా, ఎంతటివారికైనా నిలిచే వీలు వుండరాదు.

కాగితం మీద ఇంకొక గీత కూడా గీయవచ్చు. రిజిస్ట్రారాఫీసులో టోకెన్ల మీద వేళ వుంటుంది. మిగతా కచేరీల్లో కూడా విచారణకు పిలిచేటప్పుడు "పది గంటలకు రావలెను" అని అందరికీ ఒకే వేళ రాయకుండా, కొందరికి పది, కొందరికి పదకొండున్నర, కొందరికి రెండు అని రాస్తే ముప్పైమంది ఒక్కసారి వచ్చి పడరు. ముప్పై బండ్లు కూడా ఒక్కసారి రావు. ఇది మోటారు చట్టం పని కాదు, గుమాస్తా కలం పని. ఇరవై యేళ్ళు కలం పట్టిన అనుభవం మీద చెబుతున్నాము, దీనికి ఖర్చు ఒక సిరా చుక్క.

తెలుగుదేశంలో యేమి జరుగుతున్నదని చదువరులు అడగవచ్చు. హైదరాబాదులో పెద్ద అంగళ్ళకు పోయినవారిని ప్రవేశంలోనే పార్కింగు రుసుము అడిగేవారు. 2018లో తెలంగాణ ప్రభుత్వం, అట్టి వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట ఎవరి వద్దా రుసుము పుచ్చుకోరాదని ఉత్తర్వు చేసింది. అరగంటలో పని ముగించుకునేవాడిని ఒక రకంగా, పూట గడిపేవాడిని మరొక రకంగా చూడాలన్న సూత్రం అందులో వున్నది. అది అంగడికే కాదు, కచేరికి కూడా చక్కగా అతుకుతుంది. మదరాసులో మనవారందరూ పెళ్ళి బట్టలకు పోయే పాండీ బజారులో 2019లో బండ్ల దారి కుదించి నడకదారిని వెడల్పు చేశారు. ఇప్పుడు అక్కడ పిల్లలను చెయ్యి వదిలి నడిపించవచ్చు. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని పంచేటప్పుడు బండ్లను గాక మనుషులను చూడమనే చెప్పింది.

ఇదంతా మన ఊళ్ళో సాగేదేనా, మనవాళ్ళు గీత చెబితే వింటారా అని కొందరు పెదవి విరుస్తారు. వారిని ఆడిపూరం నాడు శ్రీవిల్లిపుత్తూరు తీసుకుపోవాలి. మాకు అది పన్నెండు కిలోమీటర్ల లోపే. కృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో ఏ తల్లి కథ చెప్పినారో ఆ ఆండాళ్ అమ్మవారి తేరు ఆనాడు కదులుతుంది. తేరు వీధుల్లో ఒక్క బండి నిలవదు. బస్సులను చుట్టుదారిన తిప్పుతారు. ఎవరూ హారన్ కొట్టరు, ఎవరూ "నేనెవరో తెలుసా" అనరు. అమ్మవారు వచ్చే దారి అని అందరికీ తెలుసు గనుక. మా సావిళ్ళలో పెళ్ళిళ్ళ సంగతి కూడా చూడండి. సావిడి ముందు ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి, కార్లను వీధి చివరకు పంపి, పెద్దవాళ్ళను మాత్రం గుమ్మం దాకా తెచ్చి దింపిస్తారు. వారి చేతిలో లాఠీ లేదు, జరిమానా పుస్తకం లేదు. "పెద్దమ్మ దిగాలి బావా, కాస్త ముందుకు పోనియ్యి" అంటే ఎంతటి ధనవంతుడైనా బండి ముందుకు పోనిస్తాడు. పెళ్ళికి వచ్చిన పెద్దమ్మకు చేసే మర్యాద, పెన్షనుకు వచ్చిన పెద్దమ్మకు చేయలేమా? ఆమె కూడా ఎవరో ఒకరి పెద్దమ్మే గదా!

కచేరి దగ్గర ఆ ఇద్దరు కుర్రాళ్ళు లేరు. కావలసింది అదే. గీత గీసి, బోర్డు పెట్టి, రెండు వారాలు పోలీసు నిలిచి, మూడవ వారం వెళ్ళిపోతే నాలుగవ వారానికి స్కూటర్లు మళ్ళీ వాలు ఎక్కుతవి. రోజూ పది నుంచి ఒంటిగంట దాకా ఒక్క మనిషి అక్కడ వుండాలి. పార్కింగు రుసుము గంటల లెక్కన పెట్టి, మొదటి అరగంట ఉచితం చేస్తే, రోజంతా నిలిపేవారి రుసుములోంచే ఆ మనిషి జీతంలో ఎంతో కొంత రాకపోదు. ఆ మనిషికి తమిళంతో పాటు నాలుగు తెలుగు ముక్కలు వస్తే మా ఊళ్ళో మరీ మంచిది.

మా మేనత్త పని రెండవనాడు అయింది. ఆ వాలు మీద ఆనాడు మూడే స్కూటర్లు వున్నవి. ఆమె పట్టీ పట్టుకుని పక్కగా ఎక్కింది. ఇటువంటి మేనత్తలు ఊరూరా వున్నారు. కాబట్టి సంఘ సభ్యులకు మా మనవి ఒకటి. మీ ఊరి కచేరికి ఈ నెలలో ఎటూ పోక తప్పదు. పోయినప్పుడు మూడు సంగతులు చూసి రండి. బస్సు దిగిన చోటు నుంచి గుమ్మానికి ఎన్ని అడుగులు? మెట్ల పక్క వాలు ఖాళీగా వున్నదా? మెట్లకు దగ్గరి పది బండ్లలో పొద్దున్నుంచి కదలనివి ఎన్ని? ఒక కార్డు మీద రాసి పత్రికకు పంపండి. అన్ని ఊళ్ళవీ ఒక పట్టీగా వేసి, సంఘం పేర మునిసిపాలిటీలకూ కలెక్టర్లకూ సోమవారంనాటి అర్జీగా ఇద్దాము. అర్జీ రాసే పని మాకు వదలండి.